మోటార్లు ఆగాక నీళ్లలో వినిపించింది

మూడేళ్ల కిందట ఫిబ్రవరి రెండో వారంలో నేను పిఠాపురం చేరాను. హోదా: సింక్ సౌండ్ రికార్డిస్ట్. పని: ఇరవై ఆరు రోజుల సినిమా షూటింగు. లొకేషన్: పిఠాపురం నుంచి సముద్రం వైపు పోయే రోడ్డు దిగి, కాలువగట్టు మీద మూడు కిలోమీటర్లు వెళితే వచ్చే రొయ్యల చెరువులు. బస: యాత్రికులు దిగే ఒక లాడ్జి. నా కింద ఒక్కడే మనిషి, పొడవాటి కర్రకి కట్టిన బూమ్ మైకు పట్టే శ్రీను.

ఆ పని మానేసి ఏడాదిన్నర అయింది. ఎడమ చెవిలో ఆగకుండా ఒక సన్నటి ఈల మొదలైంది, అది తగ్గేది కాదని డాక్టరు చెప్పారు. ఈల మోసుకు తిరిగేవాడు ఇతరుల శబ్దాల మీద తీర్పు చెప్పకూడదు. ముప్పై మూడేళ్లకే రిటైరైన మనిషని మా బావ నన్ను పదిమందికీ పరిచయం చేస్తుంటాడు. ఇప్పుడు కాకినాడలో వినికిడి పరీక్ష యంత్రాలు బాగుచేస్తున్నాను. సినిమా సౌండ్ గురించి అడగడానికి వచ్చే పాలిటెక్నిక్ కుర్రాళ్లకి నేను చెప్పే మొదటి సంగతి ఈ షూటింగుదే. నోటితో చెప్పినప్పుడు కొన్ని భాగాలు దాటేస్తుంటాను. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

సింక్ సౌండ్ అంటే నటుల మాటల్ని తర్వాత స్టూడియోలో డబ్బింగ్ చెప్పించకుండా, కెమెరా తిరుగుతున్నప్పుడే అక్కడికక్కడ రికార్డు చేయడం. మన సినిమాల్లో ఇది ఇప్పటికీ తక్కువే. మా దర్శకురాలు సుజాత గారు మాత్రం ఇది లేకపోతే సినిమానే వద్దన్నారు. మేకప్ లేదు, సెట్టు లేదు, నటుల్లో ముప్పాతిక వంతు ఆ ఊరివాళ్లే. కథ చిన్నది. రొయ్యల చెరువు కాపలాదారుడి కొడుకు గాయపడ్డ నీటికాకిని తెచ్చి పెంచుతాడు. నీటికాకి రొయ్యల్ని తినే పిట్ట. దాన్ని తరమడమే తండ్రి ఉద్యోగం.

ఆ ఉద్యోగం గురించి ఒక మాట. చెరువు మీద పిట్టలు వాలకుండా నాలుగు పనులు చేస్తారు. ఒకటి, చెరువుకి అడ్డంగా తళుకు రిబ్బన్లు కట్టడం. రెండు, టపాకాయలు. మూడు, డబ్బా వాయింపు. నాలుగు, గట్టు మీద తిరుగుతూ కేక. నాలుగోదే అన్నిటికంటే బాగా పనిచేస్తుందని అప్పారావు చెప్పేవాడు. అప్పారావు ఆ చెరువులకి నిజంగానే కాపలాదారుడు, సినిమాలో తండ్రి వేషం కూడా అతనిదే. పడవల కుటుంబం. వేట గిట్టక చెరువు మీదకి వచ్చాడు. అతని కేకలో మాటలుండవు. గాలికి ఎదురుగా వేసినా అర కిలోమీటరు వెళుతుంది.

కొడుకు వేషం అతని కొడుకు వీరబాబుదే. పన్నెండేళ్లు, ఏడో తరగతి. నీటికాకి కూడా మేము తెచ్చింది కాదు. మేము రావడానికి నెల ముందు రిబ్బను దారంలో రెక్క చిక్కుకుని పడితే వాడే విడిపించాడు. దానికి బుడుంగు అని పేరు పెట్టాడు. అడవి పిట్టని పెంచడం నేరం కాబట్టి అటవీశాఖవాళ్లు, పశువైద్యుడు వచ్చి చూసి ఒక షరతు మీద ఒప్పుకున్నారు. రెక్క నయమయ్యేదాకా అక్కడే ఉంచి వైద్యం చేయవచ్చు, ఆ వైద్యాన్ని మేము చిత్రించవచ్చు, నయం కాగానే వదిలేయాలి. సుజాత గారు ఆ వదిలేయడాన్నే సినిమా చివరి సీను చేసుకున్నారు. అంటే చివరి సీనుకి ఒకటే టేకు. వదిలిన పిట్ట రెండో టేకుకి తిరిగి రాదు.

నా సమస్య ఏరేటర్లు. రొయ్యలకి నీళ్లలో ఆక్సిజన్ అందడానికి చెరువులో కరెంటు మోటారుతో తిరిగే రెక్కల చక్రాలు పెడతారు. ఒక్కోటి ఒక్కో వాషింగ్ మెషిన్ అంత చప్పుడు. మొదటి చెరువులో ఎనిమిది, పక్కనున్న రెండో చెరువులో పది. ఇవి తిరుగుతుంటే మాట రికార్డు కాదు. ఆపితే రొయ్యలు చచ్చి తేలిపోతాయి. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువ కాబట్టి అప్పుడు అసలు ఆపకూడదు. ఎండ బాగా కాశాక, సాయంత్రం నాలుగు ప్రాంతంలో, ఇరవై నిమిషాలు ఆపితే ప్రమాదం లేదు. చెరువు ఆసామి ఆ ఇరవై నిమిషాలకే ఒప్పుకున్నారు.

ప్రొడక్షన్ మేనేజర్ మూర్తి గారు నన్ను అడిగారు, రెండు చెరువులూ ఆపించాలా అని. రెండో చెరువు ఆపడం ఆసామికి ఇష్టం లేదు, అందులో పంట దగ్గరపడింది. ఆ సాయంత్రాల్లో గాలి సముద్రం మీదనుంచి వచ్చి, మమ్మల్ని దాటి రెండో చెరువు వైపు వీస్తుంది. దాని చప్పుడు నా మైకులకి పెద్దగా రాదు. నేను లెక్క వేసి చెప్పాను: "మొదటిది ఆపితే చాలండి. రెండోది నడవనివ్వండి, నాకేం ఇబ్బంది లేదు." ఈ మాట అన్నది నేను. దీన్ని మరిచిపోకుండా ముందే రాసి పెడుతున్నాను.

ఇక మైకులు. చివరి సీనుకి మూడు పెట్టాను. మొదటిది శ్రీను చేతిలో బూమ్. రెండోది వీరబాబు చొక్కా లోపల చిన్న రేడియో మైకు. దాని ట్రాన్స్‌మిటరు తడవకుండా రబ్బరు బెలూనులో చుట్టి నడుముకి కట్టేవాళ్లం, వాడు దాన్ని తాయెత్తు అనేవాడు. మూడోది చెన్నై నుంచి అద్దెకి తెచ్చిన నీటి మైకు. రబ్బరు తొడుగులో ఉండి నీళ్ల అడుగు శబ్దాన్ని పడుతుంది. పిట్ట మునిగినప్పుడు నీళ్ల లోపల ఎలా ఉంటుందో వినాలని సుజాత గారి కోరిక. కుర్రాడు నిలబడవలసిన చోట అప్పారావు వెదురు గుంజ పాతాడు. థర్మాకోల్ తెప్ప మీద వెళ్లి, తెప్ప మీదనుంచే దిగ్గొట్టి వచ్చాడు. నేను ఆ గుంజకి నీటి మైకు కట్టించాను.

రిహార్సళ్లు రెండు రోజులు జరిగాయి. గట్టు మీదనుంచి గుంజ దాకా పన్నెండు అడుగులు. వాలు మీద అయిదు, నీళ్లలో ఏడు. నీళ్లు కలకబారకూడదని కుర్రాణ్ణి నీళ్లలో రెండడుగులు మాత్రమే వేయించేవాళ్లం. అప్పుడు ఏరేటర్లు అన్నీ తిరుగుతూనే ఉన్నాయి.

మొదటి రోజే నీటి మైకులో హమ్ వచ్చింది. హమ్ అంటే సన్నగా, తెగకుండా వచ్చే గుయ్యిమనే శబ్దం. కరెంటు తాలూకు శబ్దం. మాకు చదువులోనూ, పనిలోనూ నేర్పేది ఒకటే: హమ్ వస్తే ముందు నీ సామాను చూసుకో. దానికి ఒక జాబితా ఉంటుంది, నాది నా పెట్టె మూతకి లోపలివైపు అంటించి ఉండేది. కేబుల్, కనెక్టరు, ఎర్తు, పక్కన ఫోను, పక్కన జనరేటరు. నేను కేబుల్ మార్చాను. హమ్ పోలేదు. ఎనిమిది మోటార్లు నీళ్లలో తిరుగుతుంటే హమ్ రాక ఏమవుతుందిలే, అవి ఆపాక పోతుంది అనుకున్నాను. సౌండ్ రిపోర్టులో ఆ ట్రాక్ ఎదురుగా 'హమ్, మోటార్ల వల్ల' అని రాశాను. రిపోర్టులో ప్రశ్నార్థకం కూడా పెట్టలేదు.

రెండో రోజు రిహార్సల్లో వీరబాబు నీళ్లలో రెండో అడుగు వేసి ఆగాడు. వాడి గొంతు నా కుడి చెవిలో స్పష్టంగా వినబడింది.

"సార్, కాళ్లు జిల్లుమంటన్నాయండి."

గట్టు మీదనుంచి అప్పారావు నవ్వుతూ, "మోటార్లు తిరుగుతున్నాయి కదరా, ఆ మాత్రం ఉంటాది. నీకొక్కడికేనా ఏంటి," అన్నాడు.

"అది కాదు నాన్నా, ఇంకా లోనకెళ్తే..."

"వీరబాబూ, మాట్లాడకమ్మా, రికార్డింగ్ నడుస్తోంది," అన్నాను నేను. వాడు నోరు మూసుకున్నాడు. చాలా క్రమశిక్షణ గల నటుడు. ఒకసారి చెబితే చాలు.

మూడో రోజు సాయంత్రం టేకు. మబ్బు లేదు. మూర్తి గారి వాచీ ప్రకారం నాలుగూ పదికి అప్పారావు షెడ్డులోకి వెళ్లి మొదటి చెరువు స్టార్టర్లు ఒక్కొక్కటే నొక్కి ఆపాడు. చక్రాలు ఒక్కొక్కటీ నెమ్మదించి నిలిచిపోయాయి. ఆ చెరువు మీద నాకు వినబడిన మొదటి నిశ్శబ్దం అది. దూరంగా రెండో చెరువు గలగల, గాలి, రిబ్బన్లు కొట్టుకోవడం, అంతే. మూర్తి గారు నా వైపు చూసి బొటనవేలు చూపించారు. నేను కూడా చూపించాను.

టేకు ఎలా మొదలవుతుందో చెప్పాలి. అసిస్టెంట్ డైరెక్టరు సైలెన్స్ అంటాడు. తర్వాత రోల్ సౌండ్ అంటాడు. రికార్డరు ఆన్ చేసి నేను స్పీడ్ అంటాను. అప్పుడు కెమెరా, అప్పుడు క్లాపు, చివర దర్శకుడి నోట యాక్షన్. అక్కడినుంచి కట్ అనే మాట వచ్చేదాకా ఎవరూ నోరెత్తకూడదు. ఆ కట్ అనే మాట అనే హక్కు దర్శకుడికి ఒక్కడికే. మంట అంటుకుంటే తప్ప ఇంకెవరూ అనరు. విమానం వెళ్లినా, కుక్క మొరిగినా సౌండ్ మనిషి చేయి పైకెత్తి దర్శకుడికి కనబడేలా ఉంచుతాడు, అంతే. కెమెరా వెనకున్న వాళ్లు చేతిని చూడకపోతే అది మన ఖర్మ. నా ఏడేళ్ల ఉద్యోగంలో నేను ఆ మాట ఒక్కసారీ అనలేదు.

నేను స్పీడ్ అన్నాను. ఎడమ చెవిలో బూమ్, కుడి చెవిలో కుర్రాడి ఊపిరి. పిట్ట వాడి చంకలో ఉంది, దాని గొంతులోంచి వచ్చే గరగర కూడా వినబడుతోంది. క్లాపు పడ్డాక, యాక్షన్ రాకముందు ఒకటి రెండు సెకన్లు ఉంటాయి. ఆ సమయంలో నీటి మైకు ఎలా ఉందో ఒక్కదాన్నే విందామని దాని మీట నొక్కాను.

హమ్ ఉంది.

మోటార్లు తిరుగుతున్నప్పటి నీళ్ల హోరు లేదు కాబట్టి హమ్ ఒక్కటే, కడిగినట్టు, ఇంతకు ముందెప్పటికంటే స్పష్టంగా ఉంది. మీటరు ముల్లు పైకి వెళ్లి అక్కడే నిలబడింది.

సుజాత గారు యాక్షన్ అన్నారు. కుడి చెవిలో వీరబాబు మొదటి అడుగు పడింది, ఎండిన మట్టి చప్పుడు.

నా బుర్ర జాబితాలోకి వెళ్లింది. అలవాటు అది. కేబుల్, మొన్ననే మార్చాను. కనెక్టరు, తుడిచాను. రెండో అడుగు. ఎర్తు... నా రికార్డరు బ్యాటరీ మీద నడుస్తోంది, దానికి గోడ కరెంటుతో సంబంధమే లేదు, ఎర్తు హమ్ ఎక్కడినుంచి వస్తుంది? ఫోను, శ్రీనుది నాది రెండూ వ్యానులో ఉన్నాయి. జనరేటరు తేలేదు. మూడో అడుగు. మోటార్లు ఆపారు. మోటార్లు ఆగాయి, హమ్ ఆగలేదు.

జాబితా అయిపోయింది. అందులో మిగిలింది ఏదీ లేదు. నా సామాను వల్ల కాకపోతే హమ్ నీళ్లలోనే ఉంది.

అప్పుడు భయం వేసింది. అది ఎలాంటిదో ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. కుర్రాడికి ఏమవుతుందో అన్న భయం ఒకటి. నేను పొరపాటు పడి ఉంటే అన్న భయం ఇంకొకటి. ఒక్కటే టేకు, నెలకి పైగా బాగుచేసిన పిట్ట, ఇరవైమంది మనుషులు, నా చెవిలో ఒక గుయ్యిమనే శబ్దం తప్ప చేతిలో ఏ ఆధారమూ లేదు. రెండో భయమే పెద్దది. నేను చేయి పైకెత్తాను. కట్ అనలేదు, చేయి ఎత్తాను. సుజాత గారు మానిటరు వైపు వంగి ఉన్నారు. చూడలేదు. నాలుగో అడుగు, వాలు చివర తడి మట్టి, కాస్త జారింది. కాళ్లు జిల్లుమంటన్నాయండి అన్న మాట, ఇంకా లోనకెళ్తే అన్న మాట ఆ అడుగుతో పాటే గుర్తొచ్చాయి. నీళ్లలో ఏడో అడుగు దగ్గర గుంజ ఉంది. గుంజ దగ్గర ఇప్పటిదాకా ఏ మనిషీ నిలబడలేదు. తెప్ప మీదనుంచి పాతారు.

"కట్! కట్! దిగకు! వీరబాబూ, దిగకు!"

గొంతు నాదే. వాడు అయిదో అడుగు మీద, నీళ్ల అంచున, ఒక కాలు గాలిలో ఉండగా ఆగిపోయాడు. అరుపుకి పిట్ట బెదిరి వాడి చంకలోంచి తన్నుకుని బయటపడింది. నీళ్ల మీద వాలి, గట్టు వారగానే ఒకసారి మునిగి, నాలుగు గజాల అవతల తేలి, రెక్కలు టపటప కొట్టుకుంటూ లేచి కాలువ వైపు పోయింది. వీరబాబు అది పోయిన వైపే చూస్తూ నిలబడ్డాడు.

 సుజాత గారు లేచి నిలబడి, చాలా మెల్లగా, "కట్ ఎవరు చెప్పారు?" అన్నారు.

నేనండి అన్నాను. నీళ్లలో కరెంటు ఉందండి అన్నాను.

మూర్తి గారు పరుగెత్తుకొచ్చారు. "కరెంటేంటయ్యా బాబూ! మోటార్లు ఆపించాం కదా! నీ కళ్ల ముందే ఆపేడు కదా! పోయింది, పిట్ట పోయింది. నువ్వు డైరెక్టరువా? ఇప్పుడు దాన్ని నువ్వెళ్లి పట్టుకొస్తావా?"

  నేను పెట్టెలోంచి వోల్టులు కొలిచే మల్టీమీటరు తీశాను. దాని ఒక తీగని గట్టు మట్టిలో గుచ్చిన ఇనప మేకుకి తగిలించి, రెండోది నీళ్లలో పెట్టాలి. బూమ్ కర్ర ఇవ్వబోయాడు శ్రీను. అది కార్బన్, కరెంటు పారుతుంది, వద్దన్నాను. ఎండు వెదురు అడిగి, దాని చివర తీగ కట్టి చాచాను. గట్టు వారన ఆరు వోల్టులు. మూర్తి గారు ఆరేనా అని నవ్వబోయారు. వెదురుని గుంజ వైపు ఇంకా చాచాను. ఇరవై. నలభై. గుంజ పక్కకి చేరేసరికి తొంభై దాటింది.

మూర్తి గారు ఆ అంకె చూశారు. కుర్రాడి వైపు చూశారు. తర్వాత మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగిపోయారు.

మోటార్లు ఆగినప్పుడు కరెంటు ఎక్కడిదని సుజాత గారు అడిగారు.  అప్పారావు గిర్రున తిరిగి షెడ్డులోకి వెళ్లి, ఎవరూ చెప్పకుండానే, రెండో చెరువు మెయిన్ దించేశాడు. నా చేతిలో మీటరు సున్నాకి వచ్చింది.

విషయం ఇదీ. షెడ్డు నుంచి రెండో చెరువుకి కేబుల్ గట్టు చుట్టూ తిప్పాలంటే చాలా పొడవు పడుతుంది. అందుకని ఎప్పుడో మొదటి చెరువు అడుగునుంచి అడ్డంగా లాగేశారు. మధ్యలో ఒక చోట తెగితే కలిపి, టేపు చుట్టి, దాని మీద సైకిల్ ట్యూబు చుట్టి వదిలేశారు. షెడ్డులో ఫ్యూజు ఉండాల్సిన చోట లావు రాగి తీగ ఉంది. మాటిమాటికీ పోతోందని వేసుకున్నది. కాబట్టి కరెంటు నీళ్లలోకి ఎంత కారినా ఏదీ పడిపోదు. ఆ జాయింటు మా గుంజకి రెండడుగుల దూరంలో ఉందని మర్నాడు కేబుల్ బయటికి లాగినప్పుడు తెలిసింది. మేము మొదటి చెరువు మోటార్లు ఆపి, చెరువులో కరెంటు చచ్చిందనుకున్నాం. అది రెండో చెరువు మోటార్లతో బతికే ఉంది. ఆ రెండో చెరువుని నడవనివ్వమన్నది నేను.

అప్పారావు షెడ్డు మెట్టు మీద కూర్చుండిపోయాడు. అతని మాట దగ్గరున్న మా ఇద్దరికే వినబడింది, నాకూ సుజాత గారికీ. ఒంటికి తగిలే చిన్నపాటి షాకుని వాళ్లు జిల అంటారు.

"ఆ మూల జిల ఉంటాదని తెలుసండి. మేం ఆ మూలకి ఎల్లం, తెప్ప మీదే తిరుగుతాం. మోటార్ల జిల అనుకున్నానండి. మోటార్లు ఆపేం కదా, ఇంక భయం లేదనుకున్నా. కేబుల్ మార్చాలని ఆసామి గారికి రెండుమాట్లు చెప్పేనండి. పంట పట్టేక చూద్దాంలే అన్నారు. మూడోమాటు చెప్తే కాపలాకి ఇంకోణ్ణి చూసుకుంటారని ఊరుకున్నా. నా కొడుకునే దింపేద్దును కదండీ, నా చేత్తోనే గుంజ పాతి..." అన్నాడు.  సుజాత గారు అతని పక్కనే ఆ మెట్టు మీద కూర్చున్నారు.

వీరబాబు ఒక్కడే మామూలుగా ఉన్నాడు. నడుముకున్న ట్రాన్స్‌మిటరు విప్పడానికి నా దగ్గరకి వచ్చాడు. నా వేళ్లకి ముడి అందలేదు. చివరికి వాడే విప్పి ఇచ్చాడు.

"తాయెత్తు బాగానే పనిచేసింది సార్," అన్నాడు. తర్వాత ఏమీ నిష్ఠూరం లేకుండా, "నేను నిన్నే చెప్పేను కదండీ, లోనకెళ్తే ఇంకా జిల్లుమంటాదని. మీరే మాట్లాడొద్దన్నారు," అన్నాడు.

"ఔను, చెప్పావు," అన్నాను.

"బుడుంగు బాగానే ఎగిరింది కదండీ? రెక్క లాగలేదు కదా?"

"లాగలేదు. నేను చూశాను."

"ఆయ్," అన్నాడు వాడు, అంతటితో ఆ సంగతి తేలిపోయినట్టు.

మర్నాడు ఉదయం లాడ్జి గదిలో మూడు రోజుల రికార్డింగులూ వరసగా విన్నాను. అందులో నా సామాను తప్పు ఎక్కడా లేదు. హమ్ మూడు రోజులూ ఒకే ఎత్తున ఉంది. ఏరేటర్లు తిరిగినప్పుడు, ఆగినప్పుడు తేడా లేదు. మొదటి రోజే ఒక్క నిమిషం మోటార్లు ఆపించి విని ఉంటే ఆ రోజే తెలిసేది. రెండో రోజు ట్రాకులో కుర్రాడి మాట, వాళ్ల నాన్న నవ్వు, నా మాట, ఆ వరసలోనే ఉన్నాయి. ఆ రోజు రిపోర్టులో ఆ చోట నేను రాసింది: 'నటుడు అనవసర సంభాషణ, వాడరాదు'.

రిపోర్టు మార్చడం మా పనిలో నిషిద్ధం. దాన్ని అలాగే ఉంచి, కింద ఇంకో పేజీలో జరిగింది మొత్తం, వోల్టులతో సహా, నిర్మాతకి రాసి ఇచ్చాను. అప్పారావు తన పేరు రాయవద్దని అడిగాడు. రాయలేదు. ఆసామికి కబురు వెళ్లింది, కొత్త కేబుల్ గట్టు చుట్టూ తిప్పి వేశారు, ఫ్యూజులు వచ్చాయి. పాత కేబుల్లోంచి ఆ జాయింటు ముక్క కోసి ఇమ్మని అడిగితే శ్రీను తెచ్చిపెట్టాడు. ట్యూబు రబ్బరు కరిగి టేపుతో కలిసిపోయి ఉంది. ఇప్పుడు అది నా వర్క్‌షాపు బల్ల మీద ఉంటుంది.

చివరి సీను సంగతి. నేను కట్ అన్నా కెమెరామన్ ఆపలేదు. నియమం ప్రకారం దర్శకురాలు అంటేనే ఆపాలి కాబట్టి అతను తీస్తూనే ఉన్నాడు. అందుకని కుర్రాడు నీళ్ల అంచున ఆగిపోవడం, పిట్ట తన్నుకుని పోవడం, వాడు నిలబడి చూడడం, అంతా ఉంది. సుజాత గారు సినిమాని దాంతోనే ముగించారు. మిక్సింగులో నా అరుపు తీసేయడం నా పనే అయింది. దాని మీద అదే చెరువు గాలిని పరిచాను, రెండు రోజులు పట్టింది. ఇప్పుడు సినిమాలో అరుపు లేదు. వాడు ఎందుకు ఆగాడని చూసేవాళ్లు రకరకాలుగా అనుకుంటారు, పిట్టని వదలడం ఇష్టం లేక ఆగాడని ఎక్కువమంది అంటారు. నీటి మైకు ట్రాకు వాడలేదు. అందులో పిట్ట మునిగిన శబ్దం ఉంది గాని, హమ్ వెనక ఉంది. విడదీయడం కుదరలేదు.

ఆ షూటింగు నాకు నేర్పింది మూడు మాటల్లో చెప్పవచ్చు. హమ్ వస్తే ముందు నీ సామాను చూసుకోమని నేర్పిన పాఠంలో తప్పు లేదు, అది సగం పాఠం. సామాను మంచిదే అని తేలాక హమ్ అబద్ధం చెప్పదు, అక్కడ ఏదో ఉంది. అది ఏమిటో తేలేదాకా దాని పక్కన ఎవరినీ నిలబెట్టకూడదు. ఇక నీళ్లలో ఉన్నవాడు ఏదైనా చెబితే, రికార్డింగు నడుస్తున్నా సరే, వాణ్ణి పూర్తిగా చెప్పనివ్వాలి.

పెట్టె మూతకి అంటించిన జాబితాలో ఆ రోజే ఒక వరస పెన్నుతో పైన చేర్చాను, కేబుల్ కంటే ముందు: ఎవరైనా నీళ్లలో ఉన్నారా? ఉంటే బయటికి రమ్మను. మిగతా వరసలు తర్వాత.